రివర్బ్ ఫుట్‌స్విచ్ నొక్కితే ఠప్ మంటోందా? ముందు స్విచ్‌ని వదిలెయ్యి

తమ్మీ, నువ్వు రాసింది మొత్తం చదివిన. ఫెండర్ డీలక్స్ రివర్బ్ సర్క్యూట్ చూసి కట్టించుకున్న 22 వాట్ల ట్యూబ్ గిటార్ ఆంప్, మిర్యాలగూడలో చర్చిలో వాయిస్తావు, రివర్బ్ (స్ప్రింగులతో వచ్చే ప్రతిధ్వని) ఆన్, ఆఫ్ చేసే ఫుట్‌స్విచ్, అంటే కాలితో తొక్కే పెడల్, నొక్కినప్పుడల్లా స్పీకర్లో ఠప్ మంటుంది, పైగా పెడల్ కేబుల్ గుచ్చగానే హమ్ (గుయ్యిమనే మోత) పెరుగుతుంది. స్విచ్ ఒకసారి మార్చినా పోలేదు. ఇప్పుడు ఇంకా ఖరీదైన స్విచ్ కొనాలా, లేక ఎవరో చెప్పినట్టు స్విచ్‌కి అడ్డంగా ఒక కండెన్సర్ వెయ్యాలా అని నీ ప్రశ్న.

రెండూ వద్దు. కండెన్సర్ సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే ఈ సలహా ఊళ్లో ప్రతి మెకానిక్ ఇస్తాడు. ఫ్యాన్ స్విచ్చుకో మోటార్ కాంటాక్టుకో అది పనికొస్తుంది, అక్కడ నిప్పురవ్వ సమస్య. ఇక్కడ రవ్వ లేదు. నీ స్విచ్ చేసేది ఒక్కటే, రివర్బ్ సిగ్నల్‌ని గ్రౌండ్‌కి కొట్టెయ్యడం. దానికి అడ్డంగా 0.01 మైక్రోఫారడ్ పెడితే స్విచ్ తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ కండెన్సర్ సిగ్నల్‌ని గ్రౌండ్‌కి లాగుతూనే ఉంటుంది. ఆ పాయింటు దగ్గర ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) దాదాపు 27కె (27 వేల ఓమ్‌లు), అంటే 600 హెర్ట్జ్ పైన ఉన్న రివర్బ్ అంతా క్రమంగా తగ్గిపోతుంది. స్ప్రింగ్ రివర్బ్‌లో ఆ తళతళ అంతా అక్కడే ఉంటుంది కదా, అది పోయి మబ్బుగా మిగులుతుంది, ఠప్ మాత్రం ఠప్పే.

ఇగ అసలు విషయం. సిగ్నల్ దారి ఒకసారి మనసులో పెట్టుకో. 12ఏటీ7 ట్యూబ్ (డ్రైవర్) రెండు సగాలూ కలిపి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ట్యాంకులో, అంటే రివర్బ్ పెట్టెలో, స్ప్రింగులను ఊపుతాయి. అవతలి చివర నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది, దాన్ని 12ఏఎక్స్7 ట్యూబ్‌లో ఒక సగం పెంచుతుంది, దీన్నే రికవరీ ట్యూబ్ అంటాం. దాని ప్లేట్ (సిగ్నల్ బయటికొచ్చే కాలు) మీద రెండొందల వోల్టులకు పైనే డీసీ ఉంటుంది. ఆ డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రమే దాటించే పని ఒక చిన్న 0.003 మైక్రోఫారడ్ కండెన్సర్‌ది. అది దాటాక 100కె రివర్బ్ కంట్రోల్, అక్కణ్ణుంచి మామూలు గిటార్ సిగ్నల్‌తో కలుస్తుంది. ఫుట్‌స్విచ్ వైరు ఆ కంట్రోల్ దగ్గర నుంచే ఆర్‌సీఏ సాకెట్‌కి, అక్కణ్ణుంచి నీ కాలి దాకా వస్తుంది. ఫెండర్ వాళ్లు 1963లో వైబ్రోవెర్బ్ మోడల్‌తో ఆంప్ లోపలే రివర్బ్ పెట్టడం మొదలుపెట్టిన కాలానికి ఇది చవకైన, తేలికైన దారి. తప్పేం కాదు. కానీ ఇందులో రెండు బలహీనతలు ఉన్నయి. ఆడియో సిగ్నల్ ఐదు మీటర్లు నడిచి కాలి దగ్గరికి వచ్చి పోతుంది. స్విచ్ పడే క్షణంలో ఆ పాయింటు దగ్గర ఏ కొంచెం డీసీ ఉన్నా అది ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది, ఆ దూకుడే స్పీకర్లో ఠప్.

కాబట్టి నీకు కావలసిన స్విచ్చింగ్‌కి సూత్రం ఇంతే: కాలి దగ్గరికి ఆడియో పంపకు, ఉత్త డీసీ పంపు. సిగ్నల్‌ని ఆంప్ లోపలే, మెల్లగా, రెండు వైపులా సున్నా వోల్టులున్న చోట తుంచు. దీనికి ఏం కట్టాలో కింద చెప్తా. కానీ అంతకు ముందు ఉన్నదాంట్లో లోపం ఉందా చూడు, సగం కేసుల్లో కొత్త సర్క్యూట్ అవసరమే పడదు.

ఆంప్ ఆన్ చేసి, వేడెక్కాక, మల్టీమీటర్‌ని డీసీ రేంజిలో పెట్టి ఫుట్‌స్విచ్ ఆర్‌సీఏ సాకెట్ మధ్య పిన్నుకీ చాసిస్‌కీ మధ్య కొలువు. పెడల్ కేబుల్ తీసేసి కొలవాలి, రివర్బ్ కంట్రోల్ ఎక్కడున్నా ఫరవాలేదు. రెండు మూడు మిల్లీవోల్టులు వస్తే ఆ కండెన్సర్ బాగున్నట్టే. అర వోల్టో ఒక వోల్టో వచ్చిందనుకో, దొరికింది దొంగ. లెక్క చూడు, 100కె మీద 1 వోల్టు అంటే 10 మైక్రో ఆంపియర్లు ఆ 0.003 కండెన్సర్ గుండా కారుతున్నయి. ఇంకో గుర్తు కూడా ఉంటుంది, రివర్బ్ కంట్రోల్ తిప్పుతుంటే గరగరమంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టినా నాలుగు రోజుల్లో మళ్లీ అదే గరగర అయితే కంట్రోల్‌ది తప్పు కాదు, దాని మీదకు డీసీ వస్తోంది. పాత స్టాకు కండెన్సర్లు, తీసిన టీవీ బోర్డుల్లోంచి పీకినవి వేస్తే ఇట్లనే అవుతుంది. 0.0033 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ కొత్తది తెచ్చి వెయ్యి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, టీ ఖర్చు కూడా కాదు. డిస్క్ సెరామిక్ ఇస్తామంటే వద్దను.

మీటర్ పెట్టేటప్పుడు చెయ్యి జాగ్రత్త. చాసిస్ తెరిస్తే లోపల 400 వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఫిల్టర్ కండెన్సర్లలో నిలిచి ఉండొచ్చు. ప్లగ్గు పీకి, 10కె 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేటెడ్ క్లిప్పులతో ఫిల్టర్ కండెన్సర్‌కీ చాసిస్‌కీ మధ్య కొన్ని సెకన్లు పెట్టి, తర్వాత మీటర్‌తో చూసుకుని, అప్పుడు చెయ్యి పెట్టు. స్క్రూడ్రైవర్‌తో టప్పున షార్ట్ చేసే వాళ్లను చూసి నేర్చుకోకు.

డీసీ లేదు, అయినా శబ్దం వస్తోందా? అయితే ఒక పరీక్ష చెయ్యి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పెడల్ కేబుల్‌ని ఆంప్ నుంచి పీకేసి, రివర్బ్ ఆన్‌లోనే పెట్టి, పెడల్ మీద ఎప్పటిలాగే కాలితో గట్టిగా నొక్కు. ఇప్పుడు కూడా స్పీకర్లో ఢుమ్మని, వెనకాల స్ప్రింగులు జల్లుమన్నట్టు వినిపిస్తే అది కరెంటు సమస్యే కాదు. చర్చిలో స్టేజీ చెక్కపలకలదీ, కింద బోలూ అయితే నీ కాలి దెబ్బ పలక గుండా ఆంప్‌కి, ఆంప్ నుంచి ట్యాంకుకి పోతుంది. ఇంట్లో గచ్చు మీద రాదు, అక్కడ మాత్రం వస్తుంది, జనం ఏమో వైరింగ్ మీద అనుమానపడతారు. ఆంప్ కింద మందపాటి ఫోమ్ ముక్క, ట్యాంకు సంచి లోపల అడుగున అట్టముక్క, మెత్తగా పడే స్విచ్. అయిపోయింది. ఆ గట్టి స్ప్రింగు ఉన్న లోహపు తొక్కుడు స్విచ్చుల్లో కాలు అడుగుదాకా పోయాక గానీ క్లిక్ అవదు, అవి ఈ దెబ్బను ఇంకా పెంచుతయి.

హమ్ సంగతి. కేబుల్ గుచ్చితే పెరుగుతోంది అంటే రెంటిలో ఒకటి. కేబుల్ షీల్డు వైరు కాదు, స్పీకర్ వైరో కాలింగ్ బెల్ వైరో వేసి ఉంటారు, లేదా షీల్డు ఒక కొన దగ్గర తెగి ఉంటుంది. ముందు చెప్పిన 27కె పాయింటు నుంచి షీల్డు లేని వైరు ఐదు మీటర్లు పోతే అది యాంటెన్నాయే. మీ ఊళ్లో అయితే చుట్టూ రైస్ మిల్లుల మోటార్లు, ఒకే ఫీడర్ మీద నడుస్తుంటే ఆ చెత్తంతా లైన్లోకి వస్తుంది. రాత్రి మిల్లులు ఆగాక హమ్ తగ్గిందా చూడు, తగ్గితే నీ కేబులే దాన్ని పట్టుకుంటోంది. నువ్వు ఫోటోలో చూపించిన పెడల్లో రివర్బ్, ట్రెమొలో (శబ్దాన్ని అలలా ఎక్కించి దించేది) రెండు స్విచ్చులూ ఒకే డబ్బాలో, ఒకే గ్రౌండ్ వైరు మీద ఉన్నయి. ఆ గ్రౌండ్ టాంకా (సోల్డరింగ్) బలహీనమైతే ఒక దాని చప్పుడు ఇంకోదాంట్లో వినిపిస్తుంది. టాంకాలు మళ్లీ వేడి చేసి పట్టించు.

కేబుల్ పీకినా హమ్ అట్లనే ఉంటే ట్యాంకు వైపు చూడాలి. ట్యాంకులో రెండు కొనల్లో రెండు కాయిల్స్ ఉంటయి. అవుట్‌పుట్ కొన పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరగా ఉంటే హమ్ నేరుగా దాంట్లోకి ఎక్కుతుంది. ట్యాంకుని అటు ఇటు తిప్పి, అవుట్‌పుట్ కొన దూరంగా ఉండేలా పెట్టు. ఈ ఒక్క మార్పుతో సగం హమ్ పోవడం మామూలే. ట్యాంకు ఫ్రేము ఎటువైపు సాకెట్ ద్వారా గ్రౌండ్ అయిందో మీటర్ పెట్టి చూసుకో, రెండు వైపులా గ్రౌండ్ అయితే ఒక లూపు తయారవుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఇంకా నిశ్శబ్దం కావాలంటే, లేదా ఎట్లాగూ చాసిస్ విప్పావు కాబట్టి ఒకేసారి మంచిగా చేద్దాం అనుకుంటే, అప్పుడు స్విచ్చింగ్ మార్చు. రిలే (కరెంటుతో కదిలే స్విచ్), జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), ఎల్‌డీఆర్ (వెలుతురుతో మారే రెసిస్టర్) అని మూడు దారులున్నయి. రిలే గురించి అందరూ చెప్తారు, తప్పు కాదు, కానీ రివర్బ్‌కి నా ఓటు ఎల్‌డీఆర్‌కే. రిలే టక్కున తుంచుతుంది, సిగ్నల్ అల మధ్యలో తుంచితే డీసీ లేకపోయినా చిన్న టిక్కు వస్తుంది. కాయిల్ ఆన్ ఆఫ్ అయ్యే దెబ్బ పక్కన ఉన్న హై ఇంపెడెన్స్ వైర్లలోకి ఎక్కుతుంది. దుకాణాల్లో దొరికే ఆ నీలం చక్కెర గడ్డ రిలేలు ఇన్వర్టర్లకు చేసినవి, వెండి కాంటాక్టులు, ఇంత చిన్న కరెంటు సిగ్నల్‌కి కొన్నాళ్లకు అవి పట్టవు. బంగారు పూత కాంటాక్టులున్న చిన్న సిగ్నల్ రిలే వెయ్యాలి. ఇంకో సంగతి మన వోల్టేజీ. ఎండాకాలం సాయంత్రం 230 ఉండాల్సింది 190కి పడితే ట్యూబులను వేడి చేసే హీటర్ వైండింగ్ నుంచి తీసిన సప్లై కూడా పడుతుంది, రెగ్యులేటర్ పెట్టి ఉంటే అది చేతులెత్తేస్తుంది, రిలే పాట మధ్యలో టకటకమంటుంది. జేఫెట్ అయితే రికవరీ ట్యూబ్ తర్వాత సిగ్నల్ కొన్ని వోల్టుల దాకా పోతుంది కాబట్టి దాని గేట్‌కి సరిపడా వోల్టేజీ ఇచ్చి ఆపాలి, లేదంటే గట్టిగా వాయించినప్పుడు సిగ్నల్ చిరుగుతుంది. తక్కువ వోల్టేజీ సప్లై మీద దాంతో కుస్తీ ఎందుకు.

ఎల్‌డీఆర్ అంటే వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గే బిళ్ల. దాన్నీ ఒక ఎల్‌ఈడీనీ ఎదురెదురుగా ఒక నల్ల గొట్టంలో మూసేస్తే ఆప్టో తయారు. చీకట్లో మెగా ఓమ్ పైన, ఎల్‌ఈడీ 10 మిల్లీ ఆంపియర్లతో వెలిగితే కొన్ని వందల ఓమ్‌లు. వాక్‌ట్రాల్ అని రెడీమేడ్ వచ్చేవి, ఇప్పుడు దొరకడం కష్టం, కాడ్మియం వల్ల చాలా దేశాల్లో ఆంక్షలు. నువ్వే చేసుకో: 5 మిల్లీమీటర్ల ఎల్‌డీఆర్, మంచి వెలుగున్న 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ, రెండు ముఖాలు ఆనించి నల్ల హీట్ ష్రింక్ స్లీవు రెండు పొరలు. కొనల్లో వెలుతురు దూరకుండా వేడిగా ఉన్నప్పుడే పట్టకారుతో నొక్కు. చేశాక ఎండలో పెట్టి ఎల్‌డీఆర్ కాళ్ల మధ్య మీటర్‌తో కొలిచి చూడు, మెగా ఓమ్ పైన చూపించాలి. ట్యూబులు వెలిగే డబ్బాలో పెడుతున్నావని మర్చిపోకు.

ఎక్కడ పెట్టాలంటే, పాత ఫుట్‌స్విచ్ వైరు కంట్రోల్ దగ్గర ఎక్కడ కలిసిందో సరిగ్గా అక్కడ. ఆ వైరు తీసేసి, ఆ పాయింటుకీ రివర్బ్ కంట్రోల్ గ్రౌండ్ కాలుకీ మధ్య ఎల్‌డీఆర్. ఎల్‌ఈడీ వెలిగితే రివర్బ్ ఆఫ్, ఆరితే ఆన్. ఉల్టాగా ఉందేంటి అనిపిస్తుంది, కానీ పెడల్ ఇంట్లో మర్చిపోయి వచ్చినా రివర్బ్ పనిచేస్తుంది, అది ముఖ్యం. రికవరీ ట్యూబ్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ దాదాపు 38కె, ఎల్‌డీఆర్ 500 ఓమ్‌లకు దిగితే రివర్బ్ దాదాపు 35 డెసిబెల్స్ తగ్గుతుంది. పూర్తి సున్నా కాదు గానీ గిటార్ మోగుతుండగా చెవికి అందదు. రికవరీ ట్యూబ్ హిస్ (బుస్సుమనే శబ్దం), ట్యాంకు హమ్ కూడా దాంతోపాటే తగ్గుతయి, ఇది నీకు బోనస్.

కొంతమంది ఇక్కడ కాకుండా డ్రైవర్ వైపు, అంటే 12ఏటీ7 గ్రిడ్ (సిగ్నల్ లోపలికెళ్లే కాలు) దగ్గర తుంచుతారు. అప్పుడు ఆఫ్ చేసినా స్ప్రింగుల్లో ఉన్న మోత మెల్లగా ఆరుతుంది, వినడానికి బాగుంటుంది. కానీ అక్కడ చిన్న టిక్కు పడినా అది స్ప్రింగుల గుండా పోయి జల్లున పెద్దదవుతుంది, పైగా ఆఫ్‌లో ఉన్నా రికవరీ హిస్ వింటూనే ఉంటావు. చర్చిలో ప్రార్థన మధ్య నిశ్శబ్దంలో ఆ హిస్ తెలుస్తుంది. నీకు రిటర్న్ వైపే సరి.

ఇప్పుడు ఎల్‌ఈడీకి కరెంటు. హీటర్ 6.3 వోల్టుల ఏసీ నుంచి నాలుగు డయోడ్ల బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చేది), 1000 మైక్రోఫారడ్ 25 వోల్టుల కండెన్సర్. 6.3కి పీక్ 8.9, రెండు డయోడ్ల డ్రాపు పోతే ఏడున్నర. దాని ప్లస్ నుంచి 180 ఓమ్, తర్వాత 150 ఓమ్, తర్వాత ఆప్టో ఎల్‌ఈడీ, తర్వాత పెడల్ కేబుల్ గుచ్చే జాక్ టిప్పు. పెడల్లో ఉత్త స్విచ్, దాంతో వరుసగా ఒక సూచిక ఎల్‌ఈడీ, జాక్ స్లీవ్ నుంచి తిరిగి బ్రిడ్జి మైనస్‌కి. రెండు రెసిస్టర్లు కలిసే చోటు నుంచి బ్రిడ్జి మైనస్‌కి 100 మైక్రోఫారడ్. ఎల్‌ఈడీ వెలుగు కొన్ని మిల్లీసెకన్లలో సర్దుకుంటుంది, కానీ మెల్లగా మార్చేది ఎల్‌డీఆర్, అది స్వతహాగా బద్ధకస్తురాలు, చీకటి పడ్డాక రెసిస్టెన్స్ పెరగడానికి ఇంకా టైం తీసుకుంటుంది. ఆ బద్ధకమే మనకు కావాలి. రివర్బ్ తెరిచినట్టు కాకుండా వచ్చి కలిసినట్టు ఉంటుంది. వోల్టేజీ 190కి పడినా కరెంటు 10 నుంచి 6 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది అంతే, ఆఫ్ ఆఫ్‌గానే ఉంటుంది.

ఇక్కడ ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. హీటర్ వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసిన తీగ) గానీ రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లతో చేసిన కృత్రిమ సెంటర్ గానీ గ్రౌండ్ అయి ఉంటుంది. బ్రిడ్జి పెట్టావంటే దాని మైనస్ చాసిస్ కాదు, చాసిస్ కంటే కొన్ని వోల్టులు కిందుంటుంది. మామూలు లోహపు జాక్ చాసిస్‌లో బిగించావంటే సగం బ్రిడ్జి షార్ట్. బజ్ మొదలవుతుంది, డయోడో ఆ 100 ఓమ్ రెసిస్టరో కాలుతుంది. కాబట్టి ప్లాస్టిక్ జాక్, లేదా ఫైబర్ వాషర్లు. పెడల్ డబ్బా కూడా ప్లాస్టిక్‌దే వాడు, ఎందుకంటే లోహపు డబ్బా అయితే పక్కన ఉన్న ఇంకో పెడల్‌ని తాకి అదే షార్ట్ గిటార్ కేబుల్ ద్వారా జరుగుతుంది. ఎల్‌ఈడీ వైపు ఏదీ ఆడియో గ్రౌండ్‌ని తాకకూడదు, ఎల్‌డీఆర్ వైపు ఏదీ హీటర్‌ని తాకకూడదు. ఆ రెండింటి మధ్య వెలుతురు తప్ప ఇంకేం లేకపోవడమే ఈ పద్ధతి గొప్పతనం.

నీ ఆంప్ కట్టినవాళ్లు హీటర్లను గ్రౌండ్‌కి కాకుండా నలభై, యాభై వోల్టుల మీద నిలబెట్టి ఉంటే, హమ్ తగ్గడానికి అట్ల చేస్తారు, ఈ హీటర్ సప్లై అస్సలు వద్దు, ఆ వోల్టేజీ పెడల్ దాకా వస్తుంది. అప్పుడు చిన్న 6-0-6 ట్రాన్స్‌ఫార్మర్ వేరే వేసి, దాన్ని ట్యాంకుకీ ప్రీ ఆంప్ ట్యూబులకీ దూరంగా, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వైపే బిగించు. మొబైల్ చార్జర్ బోర్డు లోపల పెట్టొద్దు, దాని కీచు రివర్బ్ రికవరీలో దర్జాగా వినిపిస్తుంది.

ట్రెమొలో స్విచ్ దీంట్లో కలపకు. దాని వైరు మీద ఆసిలేటర్‌ని ఆపే నెగటివ్ బయాస్ డీసీ ఉంటుంది, దాని పద్ధతి వేరు, ఉన్నదాన్ని అట్లనే ఉంచి విడిగా షీల్డు వైరు లాగు.

ముందు ఆర్‌సీఏ దగ్గర డీసీ ఎంతొచ్చిందో, కేబుల్ పీకి తొక్కితే శబ్దం వచ్చిందో లేదో రాయి. హీటర్ సెంటర్ ట్యాప్ ఎక్కడికి పోయిందో ఫోటో పెడితే సప్లై ఎట్ల తియ్యాలో చెప్తా.